పాత రివాల్వర్ మార్చాలా, మరమ్మతు చేయించాలా?

సికింద్రాబాద్ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, దుకాణం వివరాలు బయటపెట్టవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆయన వయసు 63. జనరల్ బజార్ దగ్గర బంగారం, వెండి దుకాణం. 1999లో ఒక రాత్రి షట్టర్ దించి స్కూటర్ మీద మారేడుపల్లిలోని ఇంటికి వెళ్తుంటే ఇద్దరు వెనక నుంచి వచ్చి గుద్దారు. కిందపడ్డ ఆయన భుజం మీద కత్తితో గీసి డబ్బు సంచి పట్టుకుపోయారు. ఆ దెబ్బతోనే ఆర్మ్స్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నారు. 2000లో లైసెన్సు చేతికొచ్చింది. కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారైన పాయింట్ 32 రివాల్వర్ కొన్నారు. బ్యారెల్‌ను కిందికి మడిచి తూటాలు నింపే రకం. ఇన్నేళ్లలో ఎవరి మీదా ఎక్కుపెట్టాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు ఆయన కుడిచేతి బొటనవేలికి, చూపుడువేలికి కీళ్లవాతం. రివాల్వర్ మడవడానికి నొక్కే గొళ్లెం ఒక్కోరోజు కదలడమే లేదట. హ్యామర్ (తూటాను పేల్చే చిన్న సుత్తి) ముందుగా వెనక్కి లాగి పెట్టుకుంటే తప్ప ట్రిగ్గర్ రావడం లేదు. చేతిలో పట్టుకుని ఊపితే లోపల టకటకమంటోంది. రివాల్వర్, తూటాలు కొన్నప్పటి తోలు సంచిలోనే బీరువాలో ఉన్నాయి, తూటాల్లో కొన్ని పదేళ్ల పైబడినవి. లైసెన్సు రెన్యువల్‌కు ఇంకా ఆరు నెలలుంది.

కొడుకు ఐటీ ఉద్యోగి. ‘ఆ పాత ముక్క అమ్మేసి కొత్త మోడల్ తీసుకోండి నాన్నా’ అంటూ వీడియోలు పంపిస్తున్నాడు. త్వరలో తల్లిదండ్రులిద్దరినీ కొండాపూర్‌లో కొన్న ఫ్లాట్‌కు తీసుకెళ్లాలని అతని ఆలోచన. బజారులో తెలిసినాయన ఒకరు ఇంకో బేరం పెట్టాడు: ‘నీ రివాల్వర్ నాకిచ్చెయ్, పైన కొంత కట్టు, ఫారిన్ పిస్టల్ ఇప్పిస్తా, కాగితాలు మెల్లగా చూసుకుందాం.’ భార్య మాట మాత్రం ఒక్కటే: అది ఇంట్లో ఉన్నంతకాలం నాకు నిద్ర ఉండదు.

చివరి పేజీలో ఒక మూల మూడు వాక్యాలు రాశారు. ఏడేళ్ల మనవడు శని, ఆదివారాలు వస్తాడట. పోయిన నెల రంగు పెన్సిళ్ల కోసం బీరువా వెతుకుతూ తోలు సంచి బయటికి తీసి, ‘తాతా, ఇది నిజందేనా?’ అని అడిగాడట. ఆ తర్వాత సంచిని పై అరలోకి మార్చారట.

‘కొత్తది కొనాలా, పాతది బాగుచేయించాలా? అసలు వదిలేస్తే భయపడి వదిలేసినట్టా? సొంత తమ్ముడిలా చెప్పండి’ అని ముగించారు.

అన్నా, మోడళ్ల గురించి మీరు రెండు పేజీలు రాశారు. మనవడి గురించి మూడు వాక్యాలు. నేను ముందు ఆ మూడు వాక్యాల సంగతే మాట్లాడతాను, ఎందుకంటే మిగతా నిర్ణయాలకు ఆరు నెలల టైం ఉంది, దీనికి లేదు.

పై అర అడ్డు కాదు. ఏడేళ్ల పిల్లాడికి కుర్చీ జరుపుకోవడం వచ్చు. పైగా వాడికి ఇప్పుడు అది అక్కడ ఉందని తెలుసు, నిజందని కూడా తెలుసు. ఈ జవాబు చదివిన రోజే చేయాల్సిన పని చెబుతాను. మనవడు ఇంట్లో లేని వేళ, గదిలో మీరొక్కరే ఉండి, వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోనీయకుండా, బ్యారెల్ మనుషులు లేని వైపు ఉంచి రివాల్వర్‌ను మడవండి. సిలిండర్‌లో తూటాలు పెట్టే ఆరు గదులూ కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోండి. గొళ్లెం కదలకపోతే బలవంతం చేయకండి, ఎవరి చేతికీ ఇవ్వకండి. వెంటనే మీ డీలర్‌కు ఫోన్ చేసి, ఎలా తీసుకురావాలో ఆయన చెప్పినట్టే చేయండి. ఖాళీ చేశాక ఆయుధం ఒక తాళంలో, తూటాలు మరో చోట వేరే తాళంలో ఉండాలి. రెండు తాళం చెవులూ మీ ఒంటి మీదే. బట్టల బీరువా తాళం ఇంట్లో అందరికీ తెలిసిన చోటే వేలాడుతుంది కాబట్టి అది లెక్కలోకి రాదు. గోడకు బోల్టులతో బిగించే చిన్న స్టీలు లాకర్ కొనండి. బంగారం వ్యాపారం చేసేవారు మీరు, మంచి లాకర్ ఏదో నాకంటే మీకే బాగా తెలుసు. 2016 ఆయుధ నిబంధనలు కూడా ఆయుధాన్ని భద్రంగా దాచే బాధ్యతను లైసెన్సుదారుడి మీదే పెట్టాయి.

ఇక తోలు సంచి. ఇత్తడి తూటాలను తోలులో ఏళ్ల తరబడి ఉంచితే తోలు శుద్ధికి వాడిన రసాయనాల వల్ల, వానాకాలం తేమ వల్ల చిలుము పడుతుంది. ఒక్కో తూటా వెలుతురులో తిప్పి చూడండి. అడుగు అంచు చుట్టూ, సీసం గుండు ఇత్తడిలోకి దిగే చోట పచ్చగా పొడిలా కనిపిస్తే అది వాడకూడదు. గీకి శుభ్రం చేసి మళ్లీ పెట్టే పని చేయకండి. అలాంటివి పేలకపోవచ్చు, ఒక క్షణం ఆలస్యంగా పేలవచ్చు, ఆ ఆలస్యం మరీ ప్రమాదం. చెత్తబుట్టలో పడేయడానికి వీల్లేదు. లైసెన్సులో ఎక్కించిన లెక్క తప్పకుండా డీలర్‌కు గానీ, పోలీస్ స్టేషన్‌లో గానీ అప్పజెప్పి రసీదు తీసుకోండి. రివాల్వర్‌ను కూడా తోలులో ఉంచవద్దు, ఉక్కుకు తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది.

ఇప్పుడు రివాల్వర్ సంగతి. టకటకమనే చప్పుడు గురించి రాశారు కదా, అది రెండు చోట్లనుంచి రావచ్చు. మీది మధ్యలో మడిచే రకం కాబట్టి బ్యారెల్‌కు, పిడి ఉన్న చట్రానికి మధ్య ముందువైపు ఒక బందు ఉంటుంది, వెనక గొళ్లెం పట్టి ఉంచుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఈ రెండూ అరిగి, ఇంటి తలుపు బందు వదులైనట్టు ఆడుతుంటాయి. కొద్దిగా ఆడితే మరమ్మతుతో పోతుంది. రెండోది సిలిండర్ కదలిక. హ్యామర్ వెనక్కి వచ్చినప్పుడు సిలిండర్‌లోని గది సరిగ్గా బ్యారెల్ ఎదురుగా వచ్చి బిగుసుకోవాలి. వెంట్రుకవాసి పక్కకు ఉన్నా గుండు బ్యారెల్ అంచుకు రాసుకుని వెళ్తుంది, సీసం తునకలు పక్కలకు చిమ్ముతాయి, కాల్చేవాడి చేతికి, పక్కన నిల్చున్నవాళ్ల ముఖానికి తగులుతాయి. మీది ఏ రకం వదులో ఇంట్లో కూర్చుని తేల్చుకోలేరు. లైసెన్సున్న డీలర్ దగ్గర మిస్త్రీకి చూపించండి. బజారులో తాళాలు, కుట్టుమిషన్లు బాగుచేసేవాళ్ల దగ్గరకు పోవద్దు, ఎంత పనిమంతుడైనా సరే. ఆయుధం మరమ్మతుకు కూడా చట్టప్రకారం లైసెన్సు ఉండాలి. చూపించేదాకా దాంతో ఒక్క రౌండు కూడా కాల్చకండి.

మరమ్మతు చేయించి ఉంచుకోవడమే ఒక దారి అనుకుందాం. డబ్బు తక్కువ, లైసెన్సు పుస్తకంలో ఆయుధం నంబరు మారదు, కాగితాల పని దాదాపు లేదు. కానీ బందు బిగిస్తే మీ బొటనవేలి నొప్పి పోదు. పైగా బందు బిగిసిందంటే గొళ్లెం ఇంకా గట్టిపడవచ్చు. మరమ్మతు తర్వాత మీ చేత్తో మీరే పదిసార్లు మడిచి, పదిసార్లు మూసి, ఖాళీగా ట్రిగ్గర్ లాగి చూసుకుని మరీ తీసుకోండి. మీకు రాకపోతే రివాల్వర్ బాగుపడినా మీకు పనికిరాదు.

మీ అబ్బాయి చెప్పిన దారి, కొత్త రివాల్వర్. అతను పంపిన వీడియోలు ‘ప్రబల్’వే అయి ఉంటాయి. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలను 2021లో ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టాక, కాన్పూర్ కేంద్రంగా ఏర్పడిన అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ 2023 ఆగస్టు 18న దీన్ని విడుదల చేసింది. తూటాలు లేకుండా బరువు 700 గ్రాములు, బ్యారెల్ 76 మిల్లీమీటర్లు. మీదానికీ దీనికీ అసలు తేడా ఏమిటంటే, ఇది మడవదు. సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. మడిచే బందు లేదు కాబట్టి చట్రం గట్టిగా ఉంటుంది, మీరు కుస్తీ పడుతున్న గొళ్లెం కూడా ఉండదు. యాభై మీటర్ల రేంజి అని కంపెనీ చెప్పుకుంది. ఆ అంకెను మీరు పట్టించుకోనక్కర్లేదు. మీకు అవసరం పడితే గిడితే అది చేయి చాచినంత దూరంలోనే పడుతుంది.

దీంట్లో మీకు కలిసొచ్చేదేమిటంటే ఇదీ పాయింట్ 32 రివాల్వరే. ఆయుధం రకం, తూటా రకం మారవు, ఆయుధం నంబరే మారుతుంది. కలిసిరానిది ఖర్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. అబ్బాయి చూసిన వీడియోలో ధర అంతకు ముందుదైతే దాన్ని నమ్ముకుని లెక్క వేయకండి.

ఆడవాళ్ల కోసమని 2014లో వచ్చిన ‘నిర్భీక్’ కూడా మీ ఉత్తరంలో ఉంది. అర కిలో బరువే, చేతికి హాయిగా ఉంటుందనిపిస్తుంది. కానీ తుపాకీ తేలికైనకొద్దీ పేలినప్పుడు ఎక్కువగా తంతుంది. కీళ్లనొప్పులున్న చేతికి ఆ తన్ను మంచిది కాదు. అడ్వాన్సు కట్టేముందు డీలర్ దగ్గర ఖాళీ రివాల్వర్ చేతిలోకి తీసుకుని, హ్యామర్ ముందుగా లాగకుండా నేరుగా ట్రిగ్గర్ లాగండి. ఒకసారి కాదు, ఆరుసార్లు వరసగా. ఆరోసారి కూడా బ్యారెల్ ఊగకుండా లాగగలిగితే అప్పుడు ధర మాట్లాడండి. నాలుగోసారికే వేలు మొరాయిస్తే, ఏ కొత్త మోడలూ మీకు అక్కరకు రాదు. కఠినంగా ఉన్నా ఇది ముందే తెలుసుకోవడం మేలు.

కాగితాల విషయానికొస్తే, పాతది అమ్మి కొత్తది తీసుకోవడం దుకాణంలో ఫోను మార్పిడి చేసినంత తేలిక కాదు. లైసెన్సుదారుడు తన ఆయుధాన్ని అమ్మాలంటే ఆ సంగతి ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి, తెలియజేశాక 45 రోజులు గడవాలి. అది 1959 ఆయుధ చట్టంలోనే ఉంది. కొనేవారికి ఆ రకం ఆయుధానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. మార్పిడికి మీ లైసెన్సు అధికారి, అంటే మీ పరిధిలోని పోలీస్ కమిషనర్ కార్యాలయం అనుమతి తీసుకుని, పాతది పుస్తకంలోంచి కొట్టేయించి, కొత్తది కొన్నాక చూపించి ఎక్కించుకోవాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాల దాకా ఉండవచ్చు, కాబట్టి అనుమతి వస్తే పాతది ఉంచుకునే కొత్తది తీసుకోవచ్చు. నాకైతే ఆ ఆలోచన నచ్చదు. ఒక్కదానికే సరైన తాళం లేని ఇంట్లోకి రెండోది తేవద్దు.

ఇక పిస్టల్. చూడ్డానికి కొత్తగా, సన్నగా ఉంటుంది, సినిమాల్లో చూసి చూసి అదే గొప్పదనిపిస్తుంది. మీ చేతికి మాత్రం అది సరిపడదు. పిస్టల్‌లో మొదటి తూటా గదిలోకి ఎక్కాలంటే పైనున్న స్లైడ్‌ను ఒక చేత్తో గట్టిగా పట్టి వెనక్కి లాగాలి. పాయింట్ 32 పిస్టళ్లలో ఎక్కువ భాగం స్ప్రింగు బలంతోనే స్లైడ్‌ను మూసి ఉంచుతాయి, అందుకే ఆ స్ప్రింగు మొండిగా ఉంటుంది. గొళ్లెం నొక్కడానికే బాధపడుతున్న మీ బొటనవేలికి స్లైడ్ లాగడం ఇంకా కష్టం. ఇంకొకటి, నాకు దీని గురించే ఎక్కువ భయం. రివాల్వర్‌ను తెరిస్తే ఆరు గదులూ కళ్ల ముందుంటాయి, ఖాళీయో కాదో చిన్న అనుమానం కూడా మిగలదు. పిస్టల్‌లో మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసేసినా గదిలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. మ్యాగజైన్ తీశాం కదా, ఖాళీయే అనుకుని జరిగే ప్రమాదాలు చాలా. పైగా రెండింటినీ పాయింట్ 32 అనే అంటున్నా, పిస్టల్ తూటా వేరు, రివాల్వర్ తూటా వేరు. లైసెన్సులో ఆయుధం రకం మార్పించుకోవాలి, మీ దగ్గరున్న తూటాలు దానికి పనికిరావు.

ఫారిన్ పిస్టల్ బేరం గురించి కాస్త గట్టిగా చెప్పాలి. మామూలు లైసెన్సుదారులకు విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్యలోనే ఆగిపోయింది. క్రీడాకారుల్లాంటి కొద్దిమందికే మినహాయింపు. కాబట్టి ఎవరైనా మీకు ‘కొత్తది, ఫారిన్‌ది’ అని చట్టబద్ధంగా చూపించే పిస్టల్ చాలావరకు నలభై ఏళ్ల నాటిది. మీ రివాల్వర్ కంటే అదే పాతది. స్పేర్ పార్టులు దొరకవు, అరుదని ధర మాత్రం చుక్కల్లో ఉంటుంది. చట్టబద్ధం కానిదైతే అడగనే అక్కర్లేదు. అది 9 ఎంఎం అయితే నిషేధిత బోరు (మామూలు లైసెన్సుకు ఇవ్వని గొట్టం కొలత), మీ లైసెన్సు దానికి చెల్లనే చెల్లదు. లైసెన్సు లేని మామూలు ఆయుధం దొరికితేనే 2019 సవరణ ప్రకారం కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు. నిషేధిత ఆయుధమైతే ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్లు. ‘కాగితాలు మెల్లగా’ అన్న మాటకు అర్థం, మీ పేరు మీదున్న రివాల్వర్ వేరొకరి చేతిలో ఉంటుంది, దాంతో రేపేం జరిగినా మీ ఇంటికే పోలీసులొస్తారు. అతను ఎంత పాత పరిచయమైనా, ఆ బేరానికి ‘లేదు’ అని ఈ వారంలోనే చెప్పేయండి. నాన్చితే రేపో మాపో మొహమాటంలో పడతారు.

అన్నా, ఇంతదాకా వస్తువు గురించే మాట్లాడాను. మీ ఉత్తరంలో ఇంకో సంగతి ఉంది, మీరు దాన్ని యథాలాపంగా రాసేశారు. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు, 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు రివాల్వర్‌ను పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి, కోడ్ ఎత్తేశాక తెచ్చుకున్నానన్నారు. ఆ వారాల్లో దుకాణం కుర్రాణ్ని వెంటబెట్టుకుని, వెలుతురుండగానే గల్లా సర్దుకుని ఆటోలో ఇంటికెళ్లానన్నారు. ‘ఏ ఇబ్బందీ రాలేదు’ అని మీరే రాశారు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. 1999లో మీ సంచిలో రోజంతా జరిగిన వ్యాపారం నగదంతా ఉండేది. ఇప్పుడు కొనుగోళ్లలో ఎక్కువ భాగం ఫోన్ల మీదే జరుగుతోందని, పెద్ద నగదు ధనత్రయోదశి, అక్షయ తృతీయ, పెళ్లిళ్ల సీజనులోనే ఉంటుందని మీరే చెబుతున్నారు. ఆ కొద్ది రోజుల కోసం బ్యాంకులో మాట్లాడి దుకాణం నుంచే నగదు తీసుకెళ్లే ఏర్పాటు దొరుకుతుందేమో కనుక్కోండి. రోజూ ఒకే టైంకి, ఒకే దారిన వెళ్లకండి. ఇవి ఏ రివాల్వర్ కంటే ఎక్కువ కాపాడతాయని నా నమ్మకం.

ఆ రాత్రి సంగతి ఒక్కసారి నాతో పాటు తలచుకోండి. వాళ్లు వెనక నుంచి గుద్దారు, మీరు కిందపడ్డారు, కత్తి అప్పటికే భుజం మీద ఉంది. సంచిలో రివాల్వర్ ఉన్నా తీసే వ్యవధి ఎక్కడిది? వాళ్లు పారిపోతున్నప్పుడు కాల్చి ఉంటే? ఆత్మరక్షణ హక్కు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది, కానీ అవసరానికి మించి హాని చేసే హక్కు దాంట్లో లేదు. వెన్ను చూపి పరిగెత్తేవాడి మీద కాల్చాక అది ఆత్మరక్షణేనని నిరూపించుకోవడానికి కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చేది. జనరల్ బజార్ సందుల్లో గురి తప్పిన గుండు ఎవరికి తగులుతుందో కూడా చెప్పలేం. మీ భయం తప్పని నేను అనడం లేదు. మీ భుజం మీద మచ్చ ఉంది, ఆ భయం ఎవరో ఊహించి పెట్టింది కాదు. ఆ భయానికి మీరు తెచ్చుకున్న మందు ఇప్పటికీ పనిచేస్తోందా అని మాత్రం అడుగుతున్నాను.

‘వదిలేస్తే భయపడినట్టా’ అన్నారు. కాదన్నా. పాతికేళ్లు ఒక్కసారి కూడా దుర్వినియోగం చేయకుండా, టైముకు రెన్యువల్ చేయించుకుంటూ ఒక ఆయుధాన్ని మోసిన మనిషి, ఇక చాలని అప్పజెప్పితే అందులో చిన్నతనం ఏముంది? భయపడి పెట్టుకున్నది భయం తగ్గాక దించేయడం సహజం.

అబ్బాయి పేరు మీదికి మార్చవచ్చు కదా అన్న ప్రశ్న కూడా రాబోతుంది. మార్గం ఉంది. 2016 నిబంధనల ప్రకారం, లైసెన్సుదారుడికి 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు తన దగ్గర ఉన్నా, ఏది ముందైతే దాన్ని బట్టి వారసుడు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మీరు 2000లో కొన్నారు కాబట్టి ఆ 25 ఏళ్ల షరతు తీరినట్టే. అయితే అది ఆస్తి పంపకంలా దానంతటదే రాదు. అతను సొంతంగా దరఖాస్తు పెట్టుకోవాలి, పోలీస్ విచారణ, శిక్షణ అన్నీ అతనివే. కానీ ఒకటి గమనించారా? మీ ఉత్తరమంతా అబ్బాయి ‘మీరు కొత్తది కొనండి’ అంటున్నాడే గానీ ‘నాకివ్వండి’ అని ఎక్కడా అనలేదు. అతన్ని సూటిగా అడగండి. కోడల్ని కూడా అడగండి, ఆ ఫ్లాట్‌లో ఏడేళ్ల పిల్లాణ్ని రోజంతా చూసుకునేది ఎక్కువగా ఆమే అయి ఉంటుంది. ఇద్దరిలో ఒక్కరు తటపటాయించినా ఆ దారి వదిలేయండి.

కొండాపూర్ మాట ఇంకో కారణంతో కూడా ముఖ్యం. మారేడుపల్లి హైదరాబాద్ కమిషనరేట్ కింద ఉంటే కొండాపూర్ సైబరాబాద్ కింద ఉంది. ఆయుధంతో ఇల్లు మారితే కొత్త చిరునామా రాతపూర్వకంగా తెలియజేసి, లైసెన్సు అక్కడ నమోదు చేయించుకోవాలి. రెన్యువల్ దరఖాస్తు గడువుకు కనీసం 60 రోజుల ముందు పెట్టాలి. అంటే ఇల్లు మారడం, ఆయుధం మార్చడం, రెన్యువల్, ఈ మూడూ ఒకేసారి నెత్తిన పడే ప్రమాదం ఉంది. ఒక్కో పని విడిగా చేయండి. మారేడుపల్లిలో ఉండగానే ఆయుధం సంగతి తేల్చుకుంటే మిగతావి తేలికవుతాయి.

వదినగారి నిద్ర గురించి రెండు మాటలు. ఆమె మాటను మీరు ‘ఆడవాళ్ల భయం’ అని ఒక్క ముక్కలో తీసేశారు. కానీ రేపు మీకేదైనా అయితే, ఆ రివాల్వర్‌ను ఆలస్యం చేయకుండా స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాల్సిన బాధ్యత చట్టప్రకారం ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. ఆ దుఃఖంలో, తాళం ఎక్కడుందో, లోపల తూటా ఉందో లేదో తెలియకుండా ఆ పని చేయాల్సింది ఆమే. ఆమెతో కూర్చుని మాట్లాడండి. మీరు ఒప్పించడానికి కాదు, ఆమె చెప్పేది చివరిదాకా వినడానికి.

నా మొగ్గు ఎటో దాచుకోను. వెంటనే అమ్మమనడం లేదు, కొనమనడం లేదు. లైసెన్సున్న డీలర్ దగ్గర ఆయుధాన్ని కొన్నాళ్లు భద్రంగా ఉంచమని డిపాజిట్ చేయండి. మిస్త్రీతో పరీక్ష కూడా అక్కడే అయిపోతుంది, మనవడి గురించిన భయం ఆ రోజుతో తీరిపోతుంది. రెండు మూడు నెలలు, వీలైతే ఒక పెళ్లిళ్ల సీజను కలిసేలా, అది లేకుండా దుకాణం నడిపి చూడండి. ప్రతి రాత్రీ గుండె దడదడలాడితే, చేతి పరీక్షలో నెగ్గితే, కొత్త రివాల్వర్‌కు దరఖాస్తు పెట్టండి, నేను కాదనను. అప్పుడు గచ్చిబౌలి వైపున్న షూటింగ్ రేంజ్‌లో శిక్షకుడి దగ్గర మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాకే ఇంటికి తెచ్చుకోండి. ఎన్నికల వారాల్లో గడిచినట్టే గడిచిపోతే, రెన్యువల్ గడువుకు ముందే 45 రోజుల నోటీసు ఇచ్చి డీలర్‌కే అమ్మేయవచ్చు.

డిపాజిట్ చేసేటప్పుడు రసీదు మీద ఆయుధం నంబరు, మీ లైసెన్సు మీదున్న యూఐఎన్ (ప్రత్యేక గుర్తింపు) నంబరు, తూటాల లెక్క విడివిడిగా రాయించుకోండి. డీలర్ సంతకం, ముద్ర చూసుకోండి. ఒక జిరాక్స్ తీసి వదినగారికివ్వండి, ఎక్కడ పెట్టారో ఆమెకు తెలియాలి.